ఈ లైన్లు ఈ జాబ్‌వి కావు

నేను పిరికిదాన్ని. ఈ మాట ముందే చెప్పేస్తే నాకూ మీకూ మంచిది. లిఫ్టులో ఒంటరిగా ఎక్కను. కుక్కర్ మూడో విజిల్ వేసేసరికి వంటింట్లో ఉండను. మీద బల్లి పడితే శాస్త్రం చూసుకునేదాకా ఇంకో పని ముట్టను. అలాంటిదాన్ని బెంగళూరు పీణ్యలో ఒక మిషన్ షాపులో, పదకొండు మిషన్లు ఒకేసారి ఉక్కును కొరుకుతూ అరిచే షెడ్డులో, పదమూడేళ్ళుగా పనిచేస్తున్నాను. ఎవరైనా ఆశ్చర్యపోతే, "నా పని మిషన్ల దగ్గర కాదండీ, కంప్యూటర్ల దగ్గర" అని చెప్పుకునేదాన్ని. కంప్యూటర్ ఎవరినీ కొయ్యదు కదా అని నా ధీమా. ఆ ధీమా ఒక్క శరదృతువులో ఎలా పోయిందో చెప్తాను.

మాది అచ్చులు చేసే షాపు. బకెట్ పిడులు, మిక్సీ జార్ మూతలు, పంపుల మీది టోపీలు, ఇలాంటి ప్లాస్టిక్ సామాను పోసుకునే ఉక్కు అచ్చులు. ఉక్కు దిమ్మను మిషన్ బల్ల మీద బిగిస్తారు. దాన్నే మావాళ్ళు జాబ్ అంటారు. పైనుంచి టూల్ గిరగిరా తిరుగుతూ దిగి, ప్రోగ్రాంలో లైన్ ఏం చెప్తే అది చెక్కుతుంది. ఇంత పక్కకు పో, ఇంత లోతుకు దిగు, అంతే ఆ లైన్లలో ఉండేది. మా మిషన్లు పాతవి, వాటి జ్ఞాపకం చిన్నది. ఒక అచ్చు ప్రోగ్రాం మొత్తం వాటిలో పట్టదు. అందుకని నా గాజు క్యాబిన్‌లో ఉన్న సర్వర్ నుంచి కేబుల్ మీద కొన్ని కొన్ని లైన్లు వెళ్తూ ఉంటాయి, మిషన్ వాటిని చేస్తూ, చేసినవాటిని మరిచిపోతూ ఉంటుంది. ఈ మరిచిపోవడం అన్న ముక్క గుర్తుపెట్టుకోండి, మా కొంప ముంచింది అదే.

షాపులో అందరికంటే పెద్దాయన్ని అందరూ మేస్త్రీ అంటారు. పెద్ద మిల్లింగ్ మిషన్ ఆయనది. ఆనేకల్‌లో మగ్గాలున్న ఇంట్లో పుట్టి, పద్దెనిమిదేళ్ళకు పీణ్య వచ్చి, మళ్ళీ మగ్గంలో కాలు పెట్టలేదు. నేను మాత్రం ఆయన్ని మామా అనేదాన్ని. ఆయన నన్ను పాపా అనేవాడు. నాకు నలభై దగ్గరపడుతున్నా ఆయనకు పాపనే.

ఆయనకో అలవాటు ఉంది. మిగతావాళ్ళు ప్రోగ్రాం మొదలుపెట్టి టీకి పోతారు. ఆయన మిషన్ గాజు తలుపుకు సరిగ్గా ఎదురుగా నిలబడి, ఎడమ అరచేయి మిషన్‌ను ఆపే ఎర్ర బటన్ మీద ఆనించి, చిన్న తెర మీద పోయే లైన్లను పెదవులు కదిలిస్తూ చదివేవాడు. "ఏముంది మామా అందులో, మంత్రాలా?" అని నేను ఆటపట్టించేదాన్ని.

"టూల్ యాడికి పోతాదో నాకు ముందే తెలియాల పాపా. పోయినాక చూస్తే ఏం లాభం?" అనేవాడు.

మా షాపులో ఒక కట్టుబాటు ఉంది. ఏడాది పొడుగునా ఆగకుండా రెండు షిఫ్టులు నడిచే యంత్రాలన్నీ ఆయుధపూజ నాడు ఆగిపోవాలి. డ్రిల్లు కూడా తిరగకూడదు. అన్నిటినీ కడిగి, పసుపు కుంకుమ పెట్టి, మామిడి మండలు కట్టి, బూడిదగుమ్మడికాయ పగలగొట్టి, అందరికీ బొరుగులూ మిఠాయీ పంచుతారు. సర్వర్ కూడా యంత్రమే కాబట్టి దానికీ పూజ. నేను సర్వర్‌ను ఆపి మళ్ళీ లేపేది సంవత్సరం మొత్తంలో ఆ ఒక్క రోజే. మామూలు రోజుల్లో పది నిమిషాలు ఆపుతానంటే ఓనరు మండిపడతాడు. ఆ ఏడు కూడా అలాగే ఆపాను, కుంకుమ పెట్టాను, కర్పూరం ఆరాక మళ్ళీ లేపాను. పచ్చ దీపాలన్నీ వెలిగాయి. బొరుగుల పొట్లం పట్టుకుని ఇంటికి పోయాను.

పూజ అయిన ఐదో రోజు పొద్దున పదకొండింటికి షెడ్డులోంచి ఒక చప్పుడు వచ్చింది. మా షెడ్డులో చప్పుళ్ళకు కొదవ లేదు, కానీ ఇది వేరు. ఒక్క దెబ్బ, ఆ వెంటనే ఏదో పగిలిన శబ్దం, ఆ తర్వాత మనుషుల అరుపులు. నేను పరుగెత్తలేదు. నిజం చెప్తున్నాను, కుర్చీలోంచి లేవలేకపోయాను. ఎవరో "మేస్త్రీ, మేస్త్రీ" అని అరవడం వినబడ్డాక అప్పుడు లేచాను.

తిరుగుతున్న టూల్ ఉన్నట్టుండి జాబ్ మీదికి కూలబడి విరిగింది. విరిగిన ముక్క పాత గాజును చీల్చుకుని బయటికొచ్చి ఆయన కనుబొమ మీద కోసుకుంటూ పోయింది. ఒక్క వేలు కిందికి అయ్యుంటే కన్ను. రక్తం గడ్డం దాకా కారుతోంది. అయినా ఆయన ఎడమ అరచేయి ఎర్ర బటన్ మీదే ఉంది. ఆయన నొక్కబట్టే మిషన్ ఆగింది.

ఓనరు వచ్చాడు. ఓనరు చెడ్డవాడు కాదు. తండ్రి పెట్టిన షాపు, మేస్త్రిని పనిలో పెట్టుకున్నది కూడా ఆ తండ్రే. "మేస్త్రీ, ఏం అయింది? మీరు ఏమన్నా అంకె మార్చినారా?" అని అడిగాడు.

ఆయన గుడ్డతో నొసలు అదుముకుంటూ, "నేను ఏం ముట్టుకోలేదప్పా. తెరమీద వేరే లైన్లు వచ్చినాయి. ఈ లైన్లు ఈ జాబ్‌వి కావు. మిక్సీ జార్ మూతవి. ఆ మూత అచ్చుతో నేను మూడు వారాలు కొట్లాడిండా, ఆ అంకెలు నాకు తెలుసు" అన్నాడు.

మిషన్‌లో చూద్దామంటే ఏమీ లేదు. చేసిన లైన్లను అది ఎప్పుడో మరిచిపోయింది. కుట్లు వేయించుకోవడానికి ఆయన్ని ఆటోలో పంపి, ఓనరు నా క్యాబిన్‌కొచ్చి, "ఆ ప్రోగ్రాం తెరువమ్మా, చూస్తాం" అన్నాడు. తెరిచాను. ఇద్దరమూ వరసగా చదివాం. పంపు టోపీ ప్రోగ్రాం, మొదటినుంచి చివరిదాకా పంపు టోపీనే. మిక్సీ మూత లైను ఒక్కటి కూడా లేదు.

"మేస్త్రికి షుగరు ఉండాది కదా. అది కండ్ల మీద పడిందేమో" అన్నాడు ఓనరు, చిన్నగా.

నేనేమన్నానో చెప్పాలంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. "కంప్యూటర్‌లో తప్పు లేదు సార్" అన్నాను. అంతటితో ఊరుకోలేదు. గట్టిగా రుజువు చెయ్యాలనిపించింది. ఆ ఫైలును వందసార్లు కాపీ చేసి, వందా ఒకదానితో ఒకటి పోల్చి, అక్షరం తేడా లేదని కాగితం మీద రాసి ఇచ్చాను. సాయంత్రం కట్టుతో తిరిగొచ్చిన ఆయనతో, "ఒకసారి కళ్ళు చూపించుకో మామా, నిర్లక్ష్యం చెయ్యొద్దు" అని నీతులు కూడా చెప్పాను. ఆయన నా ముఖంలోకి చూసి, తన టూల్ పెట్టెకు తాళం వేసుకున్నాడు.

మర్నాటినుంచి ఆయన్ని స్టోర్‌లో కూర్చోబెట్టారు, పాత డ్రాయింగులు సర్దడానికి. జీతం అదే, మర్యాద అదే. కానీ ఆయన చెయ్యి ఆనించుకోవడానికి ఎర్ర బటన్ లేదు. పెద్ద మిషన్‌ను ఇంకొకతను నడిపిస్తున్నాడు, పెళ్ళయి ఏడాది తిరగనివాడు. షాపులో ఒకరు దిష్టి అన్నారు, ఇంకొకరు గుమ్మడికాయ సరిగా పగల్లేదన్నారు. ఓనరు నమ్మనంటూనే ఇంకో గుమ్మడికాయ తెప్పించి పగలగొట్టించాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఆ మాటలు వినబడితే నేనెందుకో క్యాబిన్ తలుపు వేసుకునేదాన్ని. అప్పటికి నేనే దొంగనని నాకు తెలియదు.

ఒక వారం పోయింది. మధ్యాహ్నం భోజనం డబ్బా మూత తీస్తూ, సర్వర్‌లోని ఒక పాత డ్రాయింగ్ స్కాన్ బొమ్మ తెరిచాను. బకెట్ పిడి డ్రాయింగ్. దాని నడుముకు అడ్డంగా, ఒక సన్నని పట్టీలాగా, వేరే ఏదో డ్రాయింగ్ ముక్క ఉంది. గుండ్రటి గీతలు, వేరే కొలతలు. కళ్ళు నులుముకున్నాను. పట్టీ అక్కడే ఉంది. డ్రాయింగ్ మూసేసి మిగతా పనులు చూసుకున్నాను. కాసేపటికి మళ్ళీ తెరిచాను. పట్టీ లేదు! బకెట్ పిడి, నిక్షేపంగా, పిడిలాగే ఉంది.

ముందు నాకు తట్టింది ఏమిటో తెలుసా? నాకూ షుగరు వచ్చిందేమోనని. ఆ తర్వాత మామ నొసటి మీద కట్టు గుర్తొచ్చింది. డబ్బా అలాగే మూసేశాను.

అప్పుడు తెలిసొచ్చింది నేను వందసార్లు చేసిన రుజువు ఎంత దిక్కుమాలినదో. సర్వర్ ఒక ఫైలును ఒకసారి డిస్కు నుంచి చదివితే, కాసేపు దాన్ని తన జ్ఞాపకంలోనే పెట్టుకుంటుంది. వెంటనే మళ్ళీ అడిగితే డిస్కు జోలికి పోకుండా అదే తీసి ఇస్తుంది. నేను వందసార్లు అడిగాను, అది ఒక్కసారే చదివింది. ఒక్క సాక్షిని వందసార్లు పిలిచి, వందమంది సాక్ష్యం చెప్పారని కాగితం రాసిచ్చాను. పదమూడేళ్ళ అనుభవం! మట్టిగడ్డ!

ఈసారి వేరేగా చేశాను. ఒక ఫైలు మొత్తాన్ని కలిపి గుణించి ఒక పొడుగాటి సంఖ్య తీసే పద్ధతి మాకు ఉంది. ఫైలులో ఒక్క అక్షరం మారినా ఆ సంఖ్య మారిపోతుంది. సర్వర్‌లో ఉన్న ప్రోగ్రాంలన్నిటినీ, ఒకటి విడవకుండా, వరసగా చదివి సంఖ్యలు తీయమన్నాను. అన్నీ అయ్యాక మళ్ళీ మొదటినుంచి. అన్ని వేల ఫైళ్ళు జ్ఞాపకంలో పట్టవు కాబట్టి రెండోసారి డిస్కు దాకా పోక తప్పదు. చదివినదానిలో తేడా వస్తే ఆ కాపీని పక్కన పెట్టమని కూడా చెప్పాను. అవతల షెడ్డులో మిషన్లు నడుస్తూనే ఉన్నాయి.

రెండో విడత అయ్యేసరికి నాలుగు ఫైళ్ళ సంఖ్యలు కలవలేదు. మూడో విడతలో ఆ నాలుగూ బాగున్నాయి, వేరే మూడు కలవలేదు. అంటే డిస్కు మీద ఉన్నది పాడవలేదు. డిస్కు నుంచి వచ్చే దారిలో, ఎప్పుడో ఒకసారి, ఒకదాని ముక్క ఇంకొకదానిలోకి వచ్చి పడుతోంది. తర్వాత చూస్తే ఆనవాలు ఉండదు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారే, అలాంటిది నా క్యాబిన్‌లోనే కుంకుమ బొట్టు పెట్టుకుని కూర్చుంది.

అప్పుడు గాజులోంచి షెడ్డులోకి చూశాను. పెద్ద మిషన్ ముందు ఆ కొత్తతను తలుపుకు కొత్తగా వేసిన గాజును బట్టతో తుడుస్తున్నాడు, ముఖం గాజుకు జానెడు దూరంలో ఉంది. లోపల టూల్ తిరుగుతోంది. దానికి లైన్లు నా సర్వర్ నుంచే పోతున్నాయి. ఓనరుకు ఫోన్ చెయ్యాలా? ఏమని చెప్పాలి? నమ్ముతాడా? కాగితం రాసిచ్చిందే నేను కదా! ఈ ఆలోచనల్లో ఎంతసేపు పోయిందో తెలియదు, బహుశా రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాలూ షెడ్డులో ఇనుము గీసుకున్న ప్రతి చప్పుడుకూ ఆ కొత్తతని వైపు చూశాను. చివరికి ఏ ధైర్యంతో కాదు, భయం పట్టలేకే, లేచి వెళ్ళి మిషన్లకు పోయే కేబుల్ పీకేశాను.

లైను రాకపోతే మా మిషన్లు టూల్‌ను ఉన్నచోటే నిలిపి ఎదురుచూస్తాయి. నడుస్తున్నవి ఏడు, ఏడూ ఒక్కసారిగా ఆగాయి. ఆ షెడ్డులో పని వేళ అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు.

ఓనరు క్యాబిన్ తలుపు తోసుకుని వచ్చాడు. "ఏమ్మా, ఏం చేస్తాండావు? మిషన్లన్నీ నిలబడిపోయుండాయి!"

చేతిలో కేబుల్ అలాగే పట్టుకుని, "సార్, మేస్త్రి చెప్పింది నిజం" అన్నాను. పక్కన పెట్టించిన ఒక కాపీ తెరిచి చూపించాను. పంపు టోపీ లైన్ల మధ్యలో ఇరవై, ముప్పై లైన్లు వేరేవి. ఓనరు చదివాడు, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు, మంచినీళ్ళు అడిగాడు.

ఆయుధపూజకు ముందు తీసిపెట్టిన బ్యాకప్ డిస్కు ఒకటి బీరువాలో ఉంది. దాన్ని నా లాప్‌టాప్‌కు తగిలించి, అత్యవసరమైన జాబ్‌లు రెండు మిషన్ల మీద నడిపించాం. మిగతావి ఆగిపోయాయి. లోపం కనిపెట్టడానికి ఓనరు నాకు మూడు రోజులు ఇచ్చాడు. ఆ మూడు రోజులూ నేను సరిగ్గా అన్నం తినలేదు. కేబుళ్ళు మార్చి చూశాను, తేడాలు వస్తున్నాయి. మెమరీ పలకలు ఒక్కొక్కటే పీకి చూశాను, వస్తున్నాయి. డిస్కులన్నీ పట్టుకుని ఉండే కంట్రోలర్ కార్డుకు బదులు, అలాంటిదే ఇంకోటి తెచ్చి పెట్టాను. ఇక ఇదే అనుకుని దణ్ణం కూడా పెట్టుకున్నాను. మళ్ళీ వచ్చాయి. ప్రతి మార్పు తర్వాత ఫైళ్ళన్నీ, తొందర కోసం రెండేసి ఒకేసారి చదివించినా, రెండు గంటలు పడుతుంది. ఆ రెండు గంటలు తెర ముందు గోళ్ళు కొరుక్కుంటూ కూర్చోవడం తప్ప చేసేదేమీ లేదు.

ఒక్కటి మాత్రం తెలిసింది. ఒక్క ఫైలునే చదివిస్తే ఎప్పుడూ తప్పు రాదు. ఇద్దరు ఒకేసారి అడిగినప్పుడే, అదీ ఎప్పుడో ఒకసారి, ఒకరికి ఇవ్వాల్సిన ముక్క ఇంకొకరికి పోతోంది. మామకు దెబ్బ తగిలిన ఆ పదకొండు గంటల వేళ పక్క మిషన్‌లో ఏం నడిచిందని రిజిస్టర్ చూశాను. మిక్సీ జార్ మూత. ఎప్పటిదో పాత అచ్చుకు మరమ్మతు.

మూడో రోజు మధ్యాహ్నం. వస్తువులన్నీ మార్చేశాను, మిగిలింది డ్రైవర్. కార్డుతో ఎలా మాట్లాడాలో సర్వర్‌కు చెప్పే చిన్న ప్రోగ్రాం అది. ఏళ్ళ తరబడి ఉన్నది, అది ఎందుకు చెడుతుంది అనుకుంటూనే దాని వివరాలు తెరిచాను. అది ఏళ్ళ తరబడి ఉన్నది కాదు. కొత్తది. పెట్టింది ఆషాఢంలో. మొదటిసారి పనిలోకి వచ్చింది ఆయుధపూజ రోజు, కర్పూరం ఆరాక. పెట్టినవాళ్ళ పేరు ఉండాల్సిన చోట నా పేరుంది.

అప్పుడు గుర్తొచ్చింది. ఆషాఢంలో సర్వర్ తెరమీద ఒక పసుపు రంగు హెచ్చరిక కనబడేది. డ్రైవర్ పాతది, కొత్తది పెట్టుకోండి అని. అంతకుమించి ఏ ఇబ్బందీ లేదు. కానీ నాకు హెచ్చరికలంటే భయం కదా, అది ఉన్నన్నాళ్ళు నిద్ర పట్టదు. కొత్త డ్రైవర్ దించి పెట్టేశాను. సర్వర్‌ను ఆపి లేపితేగాని కొత్తది పనిలోకి రాదంది. ఓనరును అడగడానికి భయపడి, తర్వాత చూద్దాం అన్న బటన్ నొక్కాను. పసుపు రంగు పోయింది. నేనూ మరిచిపోయాను. ఊరుకున్నంత ఉత్తమం లేదు, బోడిగుండంత సుఖం లేదు అని మా అవ్వ ఊరికే అనేది కాదు. పండగనాడు, ఎవరికీ ఏ అనుమానమూ రాని రోజున, నా చేతులతోనే దాన్ని లేపాను.

పాత డ్రైవర్ మళ్ళీ పెట్టాను. సాయంత్రం దాకా చదివించాను, మర్నాడు పగలంతా చదివించాను. తేడా ఒక్కటి కూడా లేదు. సంతోషించాలి కదా? నాకు కొత్త భయం మొదలైంది. ఎందుకంటే ఇప్పుడు ఇది నాకు తప్ప ఎవరికీ తెలియదు. కార్డు చెడింది, మార్చేశాను అంటే ఓనరు నమ్ముతాడు. మేస్త్రి మీది నింద పోతుంది. నా పేరు రాదు. ఉద్యోగం పోతే ఈ వయసులో ఎవరిస్తారు అని ఒక భయం. ఆయన కన్ను పోయుంటే అని ఇంకో భయం. తేలు కుట్టిన దొంగలా ఆ రోజంతా నోరు మెదపలేదు. ఓనరు అడిగితే, "దొరికింది సార్, ఇంకొంచెం చూడాలి" అన్నాను.

మరుసటి రోజు తప్పుడు కాపీని ముద్రించి తీసుకుని స్టోర్‌కు వెళ్ళాను. మామ స్టూలు మీద కూర్చుని డ్రాయింగులు చుట్టి దారం కడుతున్నాడు. కట్టు తీసేశారు, కుట్ల మచ్చ కనుబొమను రెండు చేసింది. కాగితం ఇచ్చాను. కళ్ళకు దగ్గరగా పట్టుకుని, పెదవులు కదిలిస్తూ చదివాడు. ఒక చోట వేలు ఆగింది.

"ఇదే. మిక్సీ మూత. ఈ మూల తిరిగేదానికాడ నాకు ప్రాణం తీసింది ఇది. నేను చెప్పలేదా పాపా?"

"చెప్పినావు మామా."

"నాకు పిచ్చి పట్టలేదు కదా? కండ్లు బాగుండాయి కదా?" ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోలేదు. "నాకే అనుమానం వచ్చేసిండె పాపా. కండ్లు పోయినాయేమో అని ఇంట్లో చెప్పేసినా. నా కూతురు స్కూటర్ తాళం దాచిపెట్టింది. నేను బస్సులో వస్తాండా, నంబరు చదివేదానికి పక్కోళ్ళను అడుగుతాండా, తప్పు చదువుతానేమో అని."

అంతవరకూ నేను చెప్పాలో వద్దో తేల్చుకోలేదు. ఆ బస్సు మాట విన్నాక ఉండలేకపోయాను. "మామా, ఇది చేసింది నేనే" అన్నాను. పసుపు హెచ్చరిక, ఆషాఢం, పూజ, వందసార్ల కాగితం, అంతా చెప్పేశాను. ఏడుస్తూ చెప్పాను, ఎంత అర్థమైందో తెలియదు.

ఆయన చుట్టిన డ్రాయింగు మీదికి వంగాడు. దారం ముడి వేస్తున్నాడు, ముడి పడటం లేదు. నన్ను తిట్టినా బాగుండేది. చివరికి, "ఓనరుకి నేను చెప్పను. నువ్వే చెప్పుకో. ఇంగ, ఆదివారం మిషన్ నడిపించి చూడాల కదా, నువ్వూ రా. నా పక్కన నిలబడు" అన్నాడు.

ఓనరుకు చెప్పాను. షెడ్డంతా వినబడేలా తిట్టాడు. తీసెయ్యలేదు. తనను అడగకుండా ఒక్క అక్షరం కూడా మార్చొద్దని చేతిలో చెయ్యి వేయించుకున్నాడు.

ఆదివారం పొద్దున షాపులో ముగ్గురమే ఉన్నాం. తలుపుకు ఇంకా మందపాటి గాజు బిగించారు. అదే పంపు టోపీ ప్రోగ్రాం. పక్క మిషన్‌కు మిక్సీ మూత ఫైలు కూడా కావాలనే పెట్టించాను, జాబ్ లేకుండా ఖాళీగా తిరగడానికి. రెండూ ఒకేసారి అడిగితేనే కదా పరీక్ష. నా సంఖ్యలన్నీ కలిశాయి, డ్రైవర్ పాతది, బుద్ధికి అంతా తెలుసు. అయినా మిషన్ దగ్గరికి పోకుండా రెండడుగుల దూరంలో ఆగిపోయాను.

"చెయ్యి ఈడ పెట్టు" అని మామ నా అరచేతిని ఎర్ర బటన్ మీద ఆనించాడు. ఆ బటన్ చల్లగా ఉంది. "నీకు భయం అయితే నొక్కు. నన్ను అడగొద్దు."

టూల్ తిరగడం మొదలైంది. పక్కకు పోయింది, ఆగింది, దిగింది. ఆ దిగడం చూస్తూనే నేను కళ్ళు మూసుకుని నొక్కేశాను. అంతా ఆగిపోయింది. కళ్ళు తెరిస్తే టూల్ జాబ్‌కు రెండు వేళ్ళ పైన నిలబడి ఉంది, ఉండాల్సిన చోటే. ఓనరు వెనకనుంచి, "ఏమమ్మా, అది సరిగానే పోతాండె కదా!" అని విసుక్కున్నాడు.

"ఉండనీ అప్పా, మొదటిసారి అట్లే అవుతాది" అన్నాడు మామ. మళ్ళీ మొదలుపెట్టాడు. రెండోసారి నేను నొక్కలేదు. టూల్ ఉక్కును తాకింది, వెండి పొట్టు రాలింది. లైన్లు తెరమీద పైకి పోతున్నాయి. చదువుతున్నాడా అని ఆయన పెదవుల వైపు చూశాను. చదువుతున్నాడు. కానీ ఆయన గాజుకు ఎదురుగా లేడు. మిషన్ ఇనప చట్రం చాటుకు, ఒక అడుగు పక్కకు జరిగి, మెడ చాచి తెరను చూస్తున్నాడు. కుడి చెయ్యి మచ్చ మీద ఉంది.

సోమవారం నుంచి పెద్ద మిషన్ మళ్ళీ ఆయనదైంది. స్కూటర్ తాళం కూడా తిరిగొచ్చిందట. సర్వర్‌లో ఉన్న ఫైళ్ళలో పాడైంది ఒక్కటీ లేదని ఓనరుకు మళ్ళీ కాగితం రాసిచ్చాను, ఈసారి నిజమైనది. నన్ను మామ పాపా అనడం మానలేదు. నాతో నవ్వుతూనే ఉంటాడు. కానీ నేను ఆయన్ని మంత్రాలా అని ఆటపట్టించడం మానేశాను.

మళ్ళీ ఆయుధపూజ వచ్చింది. సర్వర్‌కు కుంకుమ పెట్టి, కర్పూరం వెలిగించి, లేపబోతుంటే క్యాబిన్ తలుపు దగ్గర ఆయన నిలబడి ఉన్నాడు. చేతిలో బొరుగుల పొట్లం ఉంది, తినడం లేదు.

"ఏమన్నా మార్చినావా పాపా?"

"లేదు మామా. ఒక్కటి కూడా."

"నిజంగా?"

"నిజంగా మామా. కావాలంటే చూపిస్తాను."

"వద్దులే" అన్నాడు, కానీ కదల్లేదు. నేను తెర తిప్పి, డ్రైవర్ తేదీ మీద వేలు పెట్టి చూపించాను. వంగి, పెదవులు కదిలిస్తూ రెండుసార్లు చదివాడు. తల ఊపి వెళ్ళాడు. మర్నాటి పొద్దున షిఫ్టు మొదలైనప్పుడు క్యాబిన్ గాజులోంచి చూశాను. ఎడమ అరచేయి ఎర్ర బటన్ మీద ఆనించి స్టార్ట్ నొక్కాడు, నొక్కి, ఒక అడుగు పక్కకు జరిగాడు.